మసిలోనుండి లేపబడిన చిన్నవారు
(షాఫ్ట్స్‌బరీ ప్రభువు జీవితము)

వాక్యపఠనము: కీర్తన 113; మత్తయి 18:10–14; యాకోబు 5:1–6

నూట పదుమూడవ కీర్తనలో భక్తుడు దేవుని మహిమను ఒక వింతైన విధముగా వర్ణించుచున్నాడు. ఆయన ఆకాశములకంటె ఉన్నతమైన చోట ఆసీనుడై యున్నవాడు. అయినను ఆయన దృష్టి క్రిందికి వంగి, రాజులను దాటి, ధనికుల మేడలను దాటి, కట్టకడపట ఊరి బయట చెత్తకుప్ప యొద్ద కూర్చున్న బీదవానిమీద నిలుచుచున్నది. ఆయన వంగి చూచుట ఊరక చూచుటకు కాదు, లేవనెత్తుటకే.

మనము పారవేసినదానిని ఎవరో ఒకరు ఎత్తవలెను. పొయ్యిలోని బూడిద, కాలువలోని బురద, మరుగుదొడ్డి గుంటలోని మలినము, వీధి చివర కుప్పలోని చెత్త, ఇవన్నియు మన కంటికి కనబడకుండ పోవలెనని మనము కోరుదుము. వాటితోకూడ వాటిని ఎత్తు మనిషియు మన కంటికి కనబడకుండ పోవును. అతనికి కూలి ముట్టుచున్నదా, అతడు తన యిష్టముచొప్పున వచ్చెనా, లేక ఎవనికో అమ్ముడుపోయి వచ్చెనా అని అడుగువారు అరుదు. అట్టి ప్రశ్నను తన జీవితకాలమంతయు అడిగిన ఒక దైవభక్తుని చరిత్రను ఈ మాసము ధ్యానింతము.

బాల్యము

ఆంటొనీ ఆష్లీ కూపర్ 1801వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన లండను నగరములో పుట్టెను. వారిది ఇంగ్లండులోని గొప్ప ప్రభు వంశములలో ఒకటి. తండ్రి ఆరవ షాఫ్ట్స్‌బరీ ప్రభువు, తల్లి మార్ల్‌బరో డ్యూకు కుమార్తె. ఇంటిలో ధనమునకు కొదువ లేదు గాని ప్రేమకు కరవు. తండ్రి కఠినుడు, తల్లికి విందులు వినోదములే లోకము. పిల్లలు తలిదండ్రులను చూచి భయపడుచుండిరేగాని దగ్గరకు పోవుట ఎరుగరు.

ఆ చల్లని యింటిలో దేవుడు ఒక దీపమును ఉంచెను. ఆమె పేరు మరియా మిల్లిస్, ఇంటి పనులు చూచుకొను సేవకురాలు. ఆమె ఆ బాలుని తన ఒడిలో కూర్చుండబెట్టుకొని యేసు ప్రభువు కథలు చెప్పెను, మోకాళ్లూని ప్రార్థించుట నేర్పెను. అతడు ఇంకను చిన్నవాడై యుండగానే ఆమె చనిపోయెను. పోవునప్పుడు తన బంగారు గడియారమును అతనికి వ్రాసియిచ్చెను. అతడు ప్రభువై, పార్లమెంటులో పేరు పొంది, ముసలివాడైన తరువాతకూడ ఆ గడియారమునే ధరించెను. లోకములో తనకు దొరికిన ఉత్తమ స్నేహితురాలు ఇచ్చిన కానుక అదియని అందరితో చెప్పుచుండెను. చరిత్ర పుస్తకములలో ఆ సేవకురాలిని గూర్చి ఒకటి రెండు వాక్యములకంటె ఎక్కువ లేదు. అయితే ఆమె విత్తిన ఆవగింజ ఎంత చెట్టయ్యెనో ముందు చూతము.

ఏడేండ్ల ప్రాయములో అతనిని చిస్విక్‌లోని ఒక బడిలో వేసిరి. అక్కడి దెబ్బలు, ఆకలి, పెద్ద పిల్లల హింస అతడు జీవితాంతము మరువలేదు. పండ్రెండేండ్లకు హారో అను ప్రసిద్ధ పాఠశాలకు పోయెను. అక్కడ ఒక దినమున కొండ దిగుచుండగా కేకలు, వెకిలి పాటలు వినబడెను. నలుగురైదుగురు త్రాగుబోతులు ఒక దిక్కులేని బీదవాని శవపేటికను మోసికొనివచ్చుచు, తూలుచు, మలుపులో దానిని నేలమీద పడవేసి బూతులాడిరి. వెంట ఏడ్చువాడు ఒక్కడును లేడు. ప్రభువు బిడ్డకు జరుగు అంత్యక్రియలు ఎట్లుండునో అతడెరుగును. బీదవాడైనందున మనిషికి ఇంత అవమానమా అని ఆ బాలుని గుండె మండెను. పదునాలుగు పదునైదేండ్ల ఆ వయస్సులో, ఆ దారిప్రక్కనే నిలిచి, దిక్కులేనివారి పక్షమున తన జీవితమును వినియోగింతునని దేవుని యెదుట తీర్మానించుకొనెను. ఆ స్థలములో నేడు ఒక జ్ఞాపక ఫలకము ఉన్నది.

పార్లమెంటులో ప్రవేశము

ఆక్స్‌ఫర్డులో చదువు ముగించి, 1826లో అతడు సామాన్యుల సభలో సభ్యుడాయెను. తండ్రి బ్రతికియున్నందున అప్పుడతనిని ఆష్లీ ప్రభువని పిలిచెడివారు. మొదట అతడు చేపట్టిన పని పిచ్చివారిని గూర్చినది. ఆ దినములలో మతి చలించినవారిని గొలుసులతో కట్టి గడ్డిమీద పడవేసెడివారు. వారి ఆలనాపాలనా చూచు సంఘములో 1828లో చేరి, 1834 మొదలు చనిపోవువరకు దానికి అధ్యక్షుడుగా నుండెను. 1830లో ఎమిలీ కూపర్ అను ప్రభుకన్యను వివాహమాడెను. ఆమె అతని పనిలో నిజమైన సహాయురాలాయెను. వారికి పదిమంది బిడ్డలు.

1833లో మిల్లులలో పనిచేయు పిల్లల వ్యాజ్యెమును అతడు చేతబట్టెను. 1842లో స్త్రీలును పదేండ్లలోపు బాలురును గనులలోనికి దిగకుండ చట్టము చేయించెను. మిల్లులలో పిల్లలకును స్త్రీలకును దినమునకు పది గంటలే పనియని నిర్ణయించిన చట్టము 1847లో వచ్చెను. ఇందుకొరకు అతడు మంత్రిపదవులను, రాజగృహ కొలువును కాదనెను. ఈ సంగతులు అనేకులెరిగినవే. అయితే వీటన్నిటికంటె ఎక్కువ కాలము అతని ఓపికను పరీక్షించిన పని మరియొకటి కలదు. అది పొగగొట్టముల మసి తీయు చిన్న బాలురను గూర్చినది.

మసి వ్యాపారము

ఇంగ్లండు చలిదేశము. ప్రతి యింటిలో గదిగదికి బొగ్గు పొయ్యి, ప్రతి పొయ్యికి గోడలోపలగుండ పైకప్పువరకు పోవు పొగగొట్టము ఉండును. వాటిలో పేరుకొనిన మసిని తీయకున్న పొగ వెనుకకు కొట్టును, నిప్పు అంటుకొని ఇల్లు కాలును. ఆ గొట్టములనేకము తొమ్మిది అంగుళముల వెడల్పు, పదునాలుగు అంగుళముల పొడవు గలవి. కొన్ని అంతకంటెను ఇరుకు. అవి తిన్నగా నుండవు, వంకరలు తిరుగును. పెద్దవాడు దూరలేడు. కాబట్టి బాలురను ఎక్కించెడివారు. ఎంత చిన్నవాడైన అంత మేలు.

ఈ బాలురు ఎక్కడినుండి వచ్చిరి? అనాథశాలల అధికారులు తమకు భారము తగ్గునని యజమానులకు అప్పగించిరి. తినుటకు లేని తలిదండ్రులు కొద్దిపాటి సొమ్ము తీసికొని విడిచిపెట్టిరి. పైకి దానిపేరు శిష్యరికము, లోపల అది అమ్మకమే. కాగితముమీద ఏండ్ల తరబడి గడువు వ్రాసెడివారు, ఆ గడువు తీరువరకు బాలుడు యజమాని సొత్తు. నాలుగైదేండ్ల పసివారుకూడ అందులో నుండిరి. మోచేతులును మోకాళ్లును రాపిడికి గట్టిపడవలెనని, ఉప్పునీళ్లు రుద్ది నిప్పు దగ్గర నిలువబెట్టెడివారు. గొట్టములో భయపడి ఆగినవానిని క్రింద గడ్డి మంట పెట్టి పైకి తరిమిన యజమానులును కలరు. రాత్రి పడకకు మసి బస్తాలే పరుపు, మసి బస్తాలే దుప్పటి. పెద్దవాడగునప్పటికి కాళ్లు వంకరపోవును, కండ్లు పాడగును. మసివలన వచ్చు ఒక విధమైన క్యాన్సరు వ్యాధి ఈ వృత్తివారికి కలుగుచున్నదని పెర్సివల్ పాట్ అను వైద్యుడు 1775లోనే వ్రాసెను. వంకర మలుపులో ఇరుక్కొని ఊపిరాడక చనిపోయినవారు ఎందరో.

మసి తీసినందుకు యజమాని ఇంటివారియొద్ద కూలి పుచ్చుకొనును. తీసిన మసిని బస్తాలకెత్తి పొలములకు ఎరువుగా రైతులకమ్మును. ఈ రెండు రాబడులలో బాలునికి ఒక కాసైనను రాదు. కోతపనివారి కూలిని బిగబట్టిన ధనవంతులను గూర్చి యాకోబు తన పత్రికయందు వ్రాసిన సంగతి ఇదియే. ఆ కూలి మౌనముగా నుండదనియు, అది మొరపెట్టుచు సైన్యములకధిపతియగు ప్రభువు చెవిని చేరుననియు అతడు హెచ్చరించెను. ఆ మొర వినిన ప్రభువు తన సేవకుని లేపెను.

చట్టమున్నను ఫలము లేదు

ఆష్లీ పుట్టకమునుపే కొందరు దయగలవారు ఈ పాపమును ఎదిరించిరి. జోనస్ హాన్వే అను వర్తకుడు అనేక సంవత్సరములు దీనిని గూర్చి వ్రాసి 1786లో చనిపోయెను. 1788లో మొదటి చట్టము పుట్టెను. ఎనిమిదేండ్లలోపు బాలుని ఈ పనికి పెట్టరాదనియు, ఆదివారము గుడికి పంపవలెననియు అందులో నుండెను. అయితే మసి వ్యాపారము చేయు ప్రతి యజమానికి లైసెన్సు ఉండవలెనను నిబంధనను ప్రభువుల సభవారు కొట్టివేసిరి. చదువరులు ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెను. ఏ కొమ్మను వారు నరికిరో ఆ కొమ్మకే తరువాత ఫలము కాయవలసియుండెను.

1803లో జార్జి స్మార్టు అను వడ్రంగి, ఒకదానికొకటి తగిలించు కర్రలతోను చివర కుంచెతోను ఒక యంత్రమును చేసెను. అది చాలవరకు గొట్టములను బాలుడు లేకుండనే తుడువగలదు. 1828లో జోసెఫ్ గ్లాసు అనునతడు దానిని ఇంకను బాగుచేసెను. అనగా బాలుని ఎక్కింపక తప్పదను వాదము అప్పటికే చెల్లిపోయెను. అయినను వాడుక మారలేదు. యంత్రము తెచ్చిన గదిలో దుమ్ము పడునని సేవకులు సణిగిరి. వంకర గొట్టములకు తలుపులు పెట్టించు ఖర్చు ఎందుకని ఇంటి యజమానులు అనిరి. తమ మేడలు కాలిపోవునని గొప్పవారు భయపడిరి. 1834లో మరియొక చట్టము వచ్చి, పదేండ్లలోపు వారిని శిష్యులుగా చేర్చుకొనరాదనెను. దానినెవరు లెక్కచేసిరి?

1840లో ప్రభుత్వము మరియొక బిల్లును తెచ్చెను. ఆష్లీ దానికి భుజము ఇచ్చి, తన పక్షపువారే ఎదిరించినను వెనుకకు పోలేదు. ఇరువది యొక్క ఏండ్లలోపు ఎవనిని పొగగొట్టము ఎక్కింపరాదనియు, పదునారేండ్లలోపు వానిని శిష్యుడుగా చేర్చుకొనరాదనియు చట్టమాయెను.

ఆ దినములలోనే ఒక సంగతి జరిగెను. అతడు దేశమంతటిలోని బాలురకొరకు సభలో వాదించుచుండగా, తన యింటి వెనుకనే ఒక మసి బాలుడు హింసపడుచున్నాడని తెలిసెను. అతడు ఆ ఒక్క బాలుని వెంటబడెను. ఎంతో ప్రయాసపడి, సొంత డబ్బు ఇచ్చి వానిని విడిపించి, నార్‌వుడ్‌లోని ఒక పాఠశాలకు పంపెను. వేలమంది కొరకు పనిచేయువాడు ఒక్కనిని మరచుట సులభము, ఒక్కనిని ఆదరించువాడు వేలమందిని మరచుటయు సులభము. ఇతడు రెండింటిలో దేనిని విడువలేదు. తొంబది తొమ్మిది గొఱ్ఱెలను విడిచి తప్పిపోయిన ఒక్కదానిని వెదకిన కాపరిని గూర్చి మన ప్రభువు చెప్పిన ఉపమానము అతని హృదయములో నుండెను గదా!

ముప్పది ఐదేండ్ల ఓపిక

1840 చట్టము లండనులో కొంత పనిచేసెను. ఇతర పట్టణములలో అది చచ్చిన అక్షరమాయెను. న్యాయాధిపతులు తామే పెద్ద మేడల యజమానులు. వారి పొగగొట్టములను తుడుచువాడు ఆ బాలుడే. పోలీసువారు ఇది తమ పని కాదనిరి. సాక్ష్యము చెప్పవలసిన బాలుడు యజమాని కొట్టునని నోరు తెరువడు. పొరుగువాడు తనకెందుకని ఊరకుండెను.

1851లో తండ్రి చనిపోగా ఇతడు ఏడవ షాఫ్ట్స్‌బరీ ప్రభువై ప్రభువుల సభకు పోయెను. ఆ సంవత్సరమే మరల బిల్లు తెచ్చెను, నెగ్గలేదు. 1853లోను, 1854లోను, 1855లోను తెచ్చెను. ప్రతిసారియు ఓటమియే. మంచి ఉద్దేశముగల ప్రభువుకు లోకజ్ఞానము లేదని తోటివారు నవ్విరి. సామాన్యముగా మనుష్యులు ఒకసారి ఓడినయెడల దేవుని చిత్తము కాదేమోయని సర్దుకొందురు. ఇతడు పసిబిడ్డ నలిగిపోవుట దేవుని చిత్తము కాదని మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయములో చదివియున్నాడు. కాబట్టి మరల లేచెను.

పనిచేయు పిల్లల స్థితిని విచారించుటకు ఏర్పడిన రాజ సంఘము 1863లో తన నివేదికను ప్రకటించెను. చట్టము పుట్టి ఇరువదేండ్లు దాటినను బాలుర అమ్మకము సాగుచున్నదని దానివలన లోకమునకు తెలిసెను. ఆ సంవత్సరమే చార్లెస్ కింగ్స్‌లీ అను పాదిరి మసి బాలుని గూర్చి వ్రాసిన వాటర్ బేబీస్ అను కథ పుస్తకమై వెలువడి, అనేకుల మనస్సును కరిగించెను. 1864లో షాఫ్ట్స్‌బరీ మరియొక చట్టము సాధించెను. పదేండ్లలోపు వానిని ఏ పనికిని పెట్టుకొనరాదు, గొట్టము తుడుచునప్పుడు పదునారేండ్లలోపు వానిని వెంట ఇంటిలోనికి తీసికొనిపోరాదు, తప్పినవానికి జరిమానాయేగాక చెర శిక్షయు కలదు. అయినను ఫలము కొంచెమే. పట్టుకొనుట ఎవరి బాధ్యతయో ఆ చట్టములో లేదు.

తుదకు 1875 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జి దగ్గరనున్న ఫుల్‌బోర్న్ వైద్యశాలలో జార్జి బ్రూస్టర్ అను 11 ఏండ్ల బాలుని అతని యజమాని పొగగొట్టములోనికి ఎక్కించెను. బాలుడు లోపల ఇరుక్కొనెను. గోడను పగులగొట్టి వెలుపలికి తీసిరిగాని కొద్దిసేపటికే చనిపోయెను. విలియం వయ్యర్ అను ఆ యజమానికి ఆరు మాసముల కఠిన శిక్ష పడెను. పిచ్చివారిని గొలుసులనుండి విడిపించుటకు షాఫ్ట్స్‌బరీ నలువదేండ్లకు పైగా పాటుపడెను. అటువంటి రోగులను ఆదరించు ఆశ్రమములోనే ఈ బిడ్డ చనిపోయెను. డెబ్బది మూడేండ్ల ఆ వృద్ధుడు ఈ వార్త విని మరల సభలో నిలిచెను.

ఆ యేడు పుట్టిన చట్టములో ఒక క్రొత్త సంగతి ఉండెను, నిజమునకు అది పాతదే. మసి తీయు వ్యాపారము చేయు ప్రతివాడును ప్రతి సంవత్సరము పోలీసు అధికారియొద్ద లైసెన్సు పుచ్చుకొనవలెను. తప్పు చేసినయెడల అది రద్దగును. చట్టము నడుచుచున్నదో లేదో చూచి నేరస్థులను న్యాయస్థానమునకు తెచ్చుట పోలీసువారి విధి. 1788లో కొట్టివేయబడిన నిబంధన 87 సంవత్సరముల తరువాత మరల లేచి వచ్చెను. దానితో బాలురను ఎక్కించుట ఆగిపోయెను. జార్జి బ్రూస్టర్ తరువాత ఇంగ్లండులో ఏ బాలుడును ఆ పనిలో చనిపోలేదని చరిత్రకారులు చెప్పుదురు.

ఇందులో మనకు ఒక పాఠము కలదు. మొదటి చట్టములన్నియు, అన్యాయము జరిగిన తరువాత ఎవడైన వచ్చి ఫిర్యాదు చేసిన శిక్షింతుమనెను. ఫిర్యాదు చేయవలసినవాడు నోరులేని బిడ్డ. కడపటి చట్టము భారమును బిడ్డ మీదనుండి తీసి వ్యాపారిమీద పెట్టెను. నేను న్యాయముగా నడుచుచున్నానని వ్యాపారియే ముందుగా చూపవలెను. జాలిపడుట ఒకటి, కాపలా పెట్టుట మరియొకటి. షాఫ్ట్స్‌బరీ హృదయములో జాలి మొదటినుండి యుండెను, కాపలా ఏర్పడుటకు అతడు ముప్పది ఐదేండ్లు పెనుగులాడవలసివచ్చెను.

అతని లోపములును అతని విశ్వాసమును

పరిశుద్ధ గ్రంథము తన భక్తుల లోపములను దాచదు, మనమును దాచనవసరము లేదు. షాఫ్ట్స్‌బరీ పాతకాలపు ప్రభువు. సామాన్య జనులకు ఓటు హక్కు విస్తరించుట అతనికి ఇష్టము లేదు. మిల్లు యజమానులు అతనిని ఎత్తిపొడుచుచు, ముందు నీ తండ్రి పొలములలోని కూలివారి గుడిసెలను చూచుకొమ్మనిరి. ఆ మాటలో నిజము లేకపోలేదు. 1851లో ఆస్తి తన చేతికి వచ్చినప్పుడు అతడే పోయి ఆ గుడిసెలను చూచి సిగ్గుపడెను. అప్పులు మెడమీద నుండగా, ఇంటిలోని చిత్తరువులను అమ్మి క్రొత్త ఇండ్లు కట్టించెను. తన యింటి గడపలోని తప్పును చూపినవానిమీద కోపపడక దానిని దిద్దుకొనుట భక్తికి గురుతు.

అతని బలమంతయు ప్రార్థనలోను వాక్యములోను ఉండెను. పరలోకము నుండి ప్రభువు మరల వచ్చునని అతడు దినదినము ఎదురుచూచెను. ఆ ఎదురుచూపు అతనిని పనికి దూరముచేయక, యజమాని వచ్చునప్పుడు మెలకువగానున్న దాసునివలె చేసెను. చింపిరిగుడ్డల పిల్లలకొరకు నడచిన బడుల సంఘమునకు 1844 మొదలు సుమారు నలువది యేండ్లు అధ్యక్షుడుగా నుండెను. 1848లో ఏర్పడిన ఆరోగ్య మండలిలో సభ్యుడై, కలరా వ్యాపించిన దినములలో మురికివాడలు తిరిగి, కాలువలకొరకును మంచినీటికొరకును పోరాడెను. మన తెలుగు బైబిలు ముద్రణకు తోడ్పడిన బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిలు సొసైటీకి 1851 మొదలు మరణమువరకు అధ్యక్షుడు ఇతడే. మన దేశపు మిల్లులలో పసివారు పడు పాట్లను గూర్చియు ముసలితనములో ప్రభువుల సభయందు మాటలాడెను. 1881లో హిందూదేశపు మొదటి ఫ్యాక్టరీల చట్టము వచ్చుటకు అట్టి ప్రయత్నములు దారితీసెను.

భార్య ఎమిలీ 1872లో చనిపోయెను. బిడ్డలలోను పలువురిని అతడు తన కన్నులయెదుట సమాధిచేసెను. 1885 అక్టోబరు 1వ తేదీన ఫోక్‌స్టన్ పట్టణములో ప్రభువునందు నిద్రించెను. వెస్ట్‌మిన్‌స్టర్ గుడిలో జరిగిన ఆరాధనకు అతని శవపేటిక పోవుచుండగా, లండను వీధులలో బీదజనులు వేలకొలది నిలిచి కన్నీరు విడిచిరి. హారో కొండమీద దిక్కులేని బీదవాని పేటిక వెంట ఏడ్చువాడు లేడని కలతపడిన ఆ బాలుని పేటిక వెంట బీదలందరు ఏడ్చిరి. గొప్పవారి సరసన సమాధిచేయవలదని అతడు ముందే చెప్పియున్నందున, సొంత గ్రామమైన వింబోర్న్ సెయింట్ జైల్స్‌లో అతనిని పాతిపెట్టిరి.

మన కాలమునకు హెచ్చరిక

ఇది గడచిన కథయని పుస్తకము మూయుదమా? షాఫ్ట్స్‌బరీ పుట్టిన దేశములోనే, 2019లో, పోలండు దేశమునుండి బీదలను ఆశపెట్టి తెచ్చి వెట్టిచాకిరి చేయించిన ఒక ముఠావారు ఎనిమిదిమంది దోషులుగా తేలిరి. వారి వలలో పడినవారు 400 మందికి పైగా నుందురని పోలీసువారి అంచనా. ఆ బాధితులు పొలములలోను, కోళ్ల మాంసపు కర్మాగారములలోను, చెత్తను వేరుచేయు కేంద్రములలోను పనిచేసిరి. వారి జీతము బ్యాంకులో పడెను. అయితే ఆ ఖాతా ముఠా చేతిలో నుండెను. బాధితులకు ముట్టినది అత్యల్పము. నాడు మసి బాలుని కూలి యజమాని సంచిలోనికి పోయినట్లే ఇదియు జరిగెను. ఆ దేశములో 2015లో ఆధునిక బానిసత్వ చట్టము వచ్చియున్నది. గొప్ప వ్యాపారము చేయు సంస్థలు తమ పనిలోను, తమకు సరకు అందించువారి పనిలోను బానిసత్వము లేకుండ ఏమి చేయుచున్నారో ఏటేట ప్రకటింపవలెనని అందులో నున్నది. 1875నాటి తలంపే ఇది.

మన దేశములోను చట్టములకు కొరత లేదు. వెట్టిచాకిరి 1976 చట్టముచేత రద్దాయెను. పాకీపని 1993లోను, మరింత గట్టిగా 2013లోను నిషేధింపబడెను. తగిన రక్షణ లేకుండ మనిషిని మురుగు గుంటలోనికి దింపుట నేరము. అట్లు చనిపోయినవారి కుటుంబమునకు పది లక్షల రూపాయలు ఇవ్వవలెనని సుప్రీముకోర్టు 2014లో ఆజ్ఞాపించి, 2023లో ఆ మొత్తమును ముప్పది లక్షలకు పెంచెను. అయినను విషవాయువుచేత గుంటలలో కూలినవారి వార్తలు మన పత్రికలలో వచ్చుచునే యున్నవి. గుంటలోనికి దిగువాడు తరతరములుగా ఏ పేటనుండి వచ్చుచున్నాడో మనమెరుగుదుము. అతడు తరచుగా మన సంఘములోని సోదరుడే, బల్ల యొద్ద మనతో రొట్టె విరుచువాడే.

కాబట్టి మనలో ప్రతివాడును తన యింటినుండి మొదలుపెట్టవలెను. మరుగుదొడ్డి గుంట నిండినప్పుడు తక్కువ ధర చెప్పినవానిని పిలుచుటకుముందు, యంత్రముతో తీయునా, మనిషిని దింపునా అని అడుగుడి. ఆ ధర అంత తక్కువ ఎట్లాయెనో విచారించుడి. చెత్త బండితో వచ్చినవానిని పేరుపెట్టి పిలిచి, కూలి నీ చేతికి వచ్చుచున్నదా, గుర్తింపు కాగితములు నీయొద్దనే యున్నవా అని నెమ్మదిగా కనుగొనుడి. నీవు అతనిని అడిగినప్పుడెల్ల మరియొకడు అతనికి బదులు జవాబు చెప్పుచున్నయెడల అక్కడ ఏదో కీడున్నదని గ్రహింపుడి. బండిమీద చిన్నపిల్లవాడు కనబడినయెడల ఊరకుండవలదు, అధికారులకు తెలియజేయుడి. మన దేవాలయముల, బడుల, ఆసుపత్రుల ఆవరణములు శుభ్రముచేయు కంట్రాక్టు ఇచ్చునప్పుడు సంఘపు పెద్దలు ఈ ప్రశ్నలను కాగితముమీద పెట్టి జవాబు పుచ్చుకొనవలెను. జార్జి బ్రూస్టర్ చనిపోయినది దొంగల గుహలో కాదు, రోగులను ఆదరించు ఆశ్రమములో. మంచి పనులు జరుగు చోటనే మనము ప్రశ్నించుట మరచెదము.

ఒక్కడు అడిగినందువలన ఏమగునని కొందరందురు. మరియా మిల్లిస్ ఒక్కతెయే, ఆమెకు ఓటు లేదు, ఆస్తి లేదు, సభలో స్థానము లేదు. ఆమె ఒడిలో కూర్చుండిన బిడ్డ బీదలకు గొంతుక ఆయెను. మనయొద్ద బైబిలు కలదు, చట్టము కలదు, నోరు కలదు. చెత్తకుప్ప యొద్దనున్నవానిని లేవనెత్తు దేవుడు ఆ పనికి మన చేతులను అడుగుచున్నాడు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా యింటి మలినమును ఎత్తువారి ముఖములను చూచుటకు మాకు కన్నులు దయచేయుము. బిగబట్టబడిన కూలి మొర నీ చెవిని చేరకమునుపే మా చెవిని చేరనిమ్ము. అడుగుటకు ధైర్యమును, ఓడినను మరల లేచుటకు ఓపికను నీ సేవకునికి ఇచ్చినట్లు మాకును ఇమ్ము. పసివారిని ఎత్తి కౌగిలించుకొనిన మా ప్రభువైన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.